కూలిన యింటిని మరల కట్టుట



ప్రకృతి వైపరీత్యమున కూలిన యింటికి బదులు కట్టెడి యిల్లు వెనుకటిదానికంటె దృఢముగ నుండవలెను. ఇందు వివాదము లేదు. ఆ యిల్లెట్లుండవలెనో నిర్ణయించువారెవరు? దీనికి రెండు నిదర్శనములు కలవు.

1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారకమునుపే మహారాష్ట్రమందలి లాతూరు ప్రాంతమున భూమి కంపించెను. కిల్లారి మొదలగు గ్రామములలో అడుసుతో పేర్చిన దళసరి రాతిగోడలు, వానిపైనున్న మట్టిమిద్దెలు నిద్రించుచున్నవారిపై కూలెను. వేలకొలది జనులు మరణించిరి. పిమ్మట పెక్కు గ్రామములు క్రొత్త తావులకు తరలింపబడెను. క్రొత్త యిండ్లు గట్టివే. కాని పలుచోట్ల నగరవీధులవలె తిన్నగ వరుసలు తీర్చి కట్టబడెను. పశువులకును, పనిముట్లకును, ధాన్యమునకును పాత ఆవరణలలో నుండిన చోటు వానిలో లేకపోయెను. రైతులు తామే పాకలు చేర్చుకొనవలసివచ్చెను.

2001 జనవరి 26న గుజరాతునందలి కచ్ ప్రాంతమున భూకంపము సంభవించెను. అచట పెక్కుమందికి ప్రభుత్వము ఇల్లు కట్టి యీయక, ధనమును విడతలుగా నిచ్చెను. ఇంజనీరు పనిని పరీక్షించిన పిమ్మటనే తరువాతి విడత లభించెడిది. గోడలన్నిటిని చుట్టి బంధించు కాంక్రీటు పట్టీలను వేయుట తాపీమేస్త్రీలకు నేర్పబడెను. ఇంటి పొందిక గృహస్థునిది. బలమునకు నియమము శాస్త్రజ్ఞునిది. అధికసంఖ్యాకులు తమ తావులందే యిండ్లు కట్టుకొనిరి.

అచటి బన్నీ సీమలో 'భుంగా' లను గుండ్రని మట్టియిండ్లు కలవు. చక్కగ కట్టినవి పలువురు చూచుచుండగనే కంపమునకు నిలిచెను. గుండ్రని గోడకు చీలెడు మూలలు లేవు, పైకప్పు తేలిక. ఆంధ్రతీరమందలి చుట్టిండ్ల నెరిగినవారికి ఈ రూపము క్రొత్తది కాదు. కిల్లారి రాతిగోడయు పూర్వులదే, భుంగాయు పూర్వులదే. కావున ప్రాతదంతయు త్యాజ్యము కాదు, గ్రాహ్యమును కాదు, పరీక్షింపదగినది.

అయితే నివేశనస్థలము లేని కూలీకి, ఒంటరి వితంతువునకు, వృద్ధునకు ధనమొక్కటియే చాలదు. వారికి పట్టా కావలెను, పనికి తోడు కావలెను. వారిని విడిచిన పునర్నిర్మాణము సగము ఊరినే నిలుపును.

గోడకు పట్టీ యెట్లు వేయవలెనో ఇల్లు కూలిన పిదప నేర్చుట ఆలస్యము. ఆ విషయమును తేటతెలుగున తెలుపు పుస్తకమొకటి ప్రతి గ్రామ గ్రంథాలయమున నుండవలెను. మేస్త్రీ దానిని చదువవలెను, చదువరాని మేస్త్రీకి మరియొకరు చదివి వినిపింపవలెను.