వెతికేవారికి దొరికే పాఠం

 

2016 అక్టోబరులో మనం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అనే మూడు జిల్లాలమయ్యాం గానీ, మన విద్యాచరిత్ర ఒక్కటే. పండితులను ఆదరించి గద్వాల ‘విద్వద్గద్వాల’ అనిపించుకుంది. వనపర్తి రాజభవనం పాలిటెక్నిక్ కళాశాలకు నెలవైంది. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా, గద్వాల ప్రాంతంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. ఆ కవులు అంతకుముందూ ఉన్నారు. వెతికేవారికి దొరికేలా వారిని ఒక్కచోట నిలబెట్టడమే ఆయన చేసిన మహోపకారం. ప్రోగ్రామింగ్ భాషల డాక్యుమెంటేషన్ విషయంలో ఇప్పుడు మన మీద ఉన్న బాధ్యత అలాంటిదే.

పైథాన్ డాక్యుమెంటేషన్‌నే తీసుకుందాం. అది ఉచితం, సమగ్రం, నమ్మదగినది. అయినా కొత్తగా నేర్చుకునే పిల్లలు దాంట్లో వెతకలేక వదిలేస్తున్నారు. తప్పు పిల్లలది కాదు. వెతకాలంటే ముందు పేరు తెలియాలి. “మల్ల మల్ల ఒకటే పని ఎట్ల చేపియ్యాలె?” అని అడిగే విద్యార్థికి తన అవసరం స్పష్టంగానే తెలుసు. దాన్ని ‘లూప్’ అంటారని మాత్రం ఇంకా తెలియదు. ఆ పేరు తెలిసేసరికి సగం పాఠం వచ్చేసినట్టే.

ఈ చిక్కును 1987లోనే ఫర్నాస్, లాండవర్, గోమెజ్, డ్యుమే అనే పరిశోధకులు కొలిచి చూపారు. ఒకే వస్తువుకు ఇద్దరు మనుషులు ఒకే పేరు ఎంచుకునే అవకాశం నూటికి ఇరవై కన్నా తక్కువ అని తేల్చారు. అందుకని ఒక్క మంచి పేరు కోసం తంటాలు పడకుండా, జనం వాడే పేర్లన్నిటినీ ఆ వస్తువుకు ముడిపెట్టమన్నారు.

మన నిఘంటువుల చరిత్ర కూడా ఇదే దారిలో నడిచింది. పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామ సంగ్రహం’ పద్యాల్లో, వర్గాలవారీగా సాగుతుంది. కంఠస్థం చేసినవారికి అది చేతిలో ఉన్నట్టే, చేయనివారికి మాత్రం అడవి. 1852లో బ్రౌన్ నిఘంటువు, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరం’ అకారాది క్రమంలో వచ్చాక, మాట తెలిసిన ఎవరికైనా అర్థం దొరికింది. ఇప్పుడు మూడో మెట్టు ఎక్కాలి. మాట తెలియకుండా, అవసరం మాత్రమే తెలిసినవారికీ దొరకాలి.

వెతికే యంత్రాల్లోనూ లోపాలున్నాయి. పైథాన్ డాక్యుమెంటేషన్‌ను స్ఫింక్స్ అనే సాధనంతో తయారుచేస్తారు. ఇంగ్లీషు పాఠంలో వెతికేటప్పుడు అది ‘ఫర్’, ‘ఇఫ్’, ‘ఇన్’, ‘నాట్’, ‘విత్’ వంటి మాటలను అప్రధానమని పక్కన పెడుతుంది. మామూలు ఇంగ్లీషులో అది సబబే. పైథాన్ విద్యార్థికి మాత్రం మొదటి పాఠాలన్నీ ఆ మాటలే! గుర్తుల సంగతీ అంతే. రెండు నక్షత్రాల గుర్తుకు అర్థమేమిటో తెలుసుకోవాలంటే, వెతుకు పెట్టె వదిలి అనుక్రమణికలోని గుర్తుల పుటకు వెళ్లాలి. అలాంటి పుట ఒకటుందని తెలిసినవాడు కొత్తవాడు కాడు.

తెలుగులో వెతకబోతే చిక్కులు ఇంకా ఎక్కువ. జాబితా, జాబితాలో, జాబితాలకు, జాబితాలోంచి అన్నవి మనకు ఒక్క మాటే, యంత్రానికి నాలుగు. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, టర్కిష్ పదరూపాలను మూలపదానికి కుదించే ఏర్పాటు స్ఫింక్స్‌లో ఉంది, తెలుగుకు లేదు. ఫంక్షన్, ఫంక్షను, ఫంక్‌షన్ అని ఎవరి వరస వారిది. ఈ మూడోదాంట్లో పొల్లుకూ ‘ష’కూ నడుమ కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. దాన్ని లెక్కలోంచి తీసేసి వెతకడం యంత్రానికి నేర్పకపోతే, ఎదుట ఉన్న పాఠం కూడా దొరకదు.

మంచి ఉదాహరణలూ ఉన్నాయి. రస్ట్ భాషలో దోషాలకు సంఖ్యలు కేటాయించారు. ఆ సంఖ్య అడిగితే చాలు, వివరణ, ఉదాహరణ రెండూ వస్తాయి. పైథాన్ 2021లో 3.10 రూపంతో దోష సందేశాలను మెరుగుపరిచింది. మూయని కుండలీకరణం ఎక్కడ తెరుచుకుందో ఇప్పుడు అదే చెబుతుంది. 2003 నుంచి ఉన్న తెలుగు వికీపీడియాలో ‘దారిమార్పు’ పుటలున్నాయి. ఏ పేరుతో వెతికినా అసలు వ్యాసానికే తీసుకుపోతాయి. ఈ మూడింటిలో ఉన్నది ఒకటే మర్యాద: వచ్చినవాడు ఏ మాటతో వచ్చాడో ఆ మాట దగ్గరే అతణ్ణి అందుకోవడం.

అందుకే ఈ సభ ముందు ఒక ప్రతిపాదన ఉంచుతున్నాను. పైథాన్ తొలి పాఠాలకు మన మూడు జిల్లాల కళాశాలలు కలిసి ఒక తెలుగు వెతుకు సూచి తయారుచేయాలి. ఒక్కో అంశానికి భాషలోని అసలు పేరు, తెలుగు పేరు, వాడుకలో ఉన్న అన్ని వర్ణక్రమాలు, పిల్లలు అడిగే ప్రశ్న, తరచుగా ఎదురయ్యే దోష సందేశం, చివరగా అధికారిక పుటకు దారి ఉండాలి. ప్రశ్నలను మనం ఊహించి రాయొద్దు. ల్యాబుల్లో విద్యార్థులు అడిగినవి అడిగినట్టే, పాలమూరు యాసలోనే నమోదు చేద్దాం. ‘ఎట్ల’ను ‘ఎలా’గా దిద్దితే ‘ఎట్ల’తో వెతికే పిల్లవాడికి ఆ పాఠం దొరకదు.

దీనికి తెలుగు అధ్యాపకులు కావాలి, ఎందుకంటే పదరూపాల సంగతి వారికే తెలుసు. కంప్యూటర్ అధ్యాపకులు కావాలి, దారి సరైన పుటకే పోతోందో లేదో వారే చెప్పగలరు. అందరికన్నా ముందు విద్యార్థులు కావాలి. ఏది దొరకలేదో వారికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఈ మధ్యాహ్నం గోష్ఠిలోనే లూప్, జాబితా, షరతు అనే మూడు అంశాలతో పని మొదలుపెట్టాలని, తయారైన సూచిని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వదలాలని సభను కోరుతూ, నా ఉపన్యాసం ముగిస్తున్నాను.