సీసమునకు మినహాయింపు ఎన్నాళ్లు?



మన వంటయిండ్లలో గ్యాసు పొయ్యి వెలిగించు లైటరును నొక్కినంతనే టక్కుమని నిప్పురవ్వ పుట్టును. అందు బ్యాటరీ లేదు, చెకుముకిరాయి లేదు. చిన్న సుత్తివంటిది ఒక పింగాణి బిళ్ళపై పడును. ఆ దెబ్బకు బిళ్ళయే వేల వోల్టుల విద్యుత్తును పుట్టించును. సూర్యారావుపేట వైద్యశాలలలో గర్భస్థశిశువును చూపు స్కానింగు యంత్రపు ప్రోబునందును చాలవరకు ఈ జాతి పింగాణియే. లెడ్ జర్కోనేట్ టైటనేట్ అని దాని పేరు. దాని బరువులో సగమునకు మించి సీసమే.

సీసము పసిబిడ్డల మెదడునకు విషము. అందుచేతనే 2023 ఏప్రిల్ నుండి అమలులోనున్న మన ఇ-వ్యర్థ నిబంధనలు, వానికి ముందటి 2016 నిబంధనలును, విద్యుత్పరికరముల పదార్థములలో సీసము నూటికి 0.1 వంతు మించరాదని శాసించినవి. ఐరోపావారు ఈ హద్దును 2006 జూలై నుండియే పాటించుచున్నారు. కాని ఆ శాసనముల వెనుక మినహాయింపుల పట్టిక యొకటి కలదు. అందు ఈ పింగాణికి చోటు దొరకినది. మినహాయింపు నిచ్చుట సులభము, తిరిగి తీసికొనుట కష్టమని న్యాయస్థానముల మెట్లెక్కిన వారికెల్ల తెలియును. అయినను శాసనకర్తలను నిందింపబోను. చిక్కు పదార్థమునందే యున్నది.

వీనిని ఫెర్రో ఎలక్ట్రిక్కులందురు. పేరున ఇనుమున్నను ఒంట ఇనుముండ నక్కరలేదు. ఇనుప అయస్కాంతమును పోలిన నడవడిచే ఆ పేరు వచ్చినది. 1920లో అమెరికాలో వాలసెక్ రాషెల్ లవణమున ఈ గుణమును కనుగొనెను. సాధారణ వస్తువునందు విద్యుద్బలమును రెట్టించిన ఫలితమును రెట్టించును. వీనియందట్లు గాదు: మొదట మెల్లగా కదలి, పిమ్మట ఒక్కుమ్మడిగా పొంగి, ఆపై అలసి నిలిచిపోవును. బలమును తీసివేసినను పోయిన దారిని తిరిగిరాదు. వేడిమి ఒక హద్దు దాటినచో స్ఫటికపు ఆకృతియే మారి ఈ గుణము నశించును. సీసములేని బేరియం టైటనేటునకు ఆ హద్దు సుమారు 120 డిగ్రీల సెంటిగ్రేడు. అది సెల్‌ఫోనుల కెపాసిటర్లలో చక్కగా పనిచేయుచునే యున్నది గాని, సీసపు పింగాణి చేయు మోటుపనికి చాలదు.

ఏ స్ఫటికమున కిట్టి గుణము ఉండగలదు? సౌష్ఠవమునుబట్టి స్ఫటికములు 32 తరగతులు; నొక్కిన విద్యుత్తు నిచ్చునవి 20; సహజధ్రువము గలవి 10 మాత్రమే. సౌష్ఠవమునుండి స్ఫటికధర్మములను గణించు విద్యలో లోకమెరిగిన పేరు నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారిది. స్ఫటికములపై ఒత్తిడి వెలుగు నడకను మార్చు తీరును గూర్చి జర్మను పండితుడు పొకెల్స్ వేసిన లెక్కలను 1942లో వీరు సవరించిరి. ఆగిరిపల్లి పేరు మన పిల్లలకు కొండమీది గుడివలననే తెలియుట నాకు వింతగా తోచును.

2004లో రెండు శుభవార్తలు వెలువడినవి. జపానులో సైటో బృందము పొటాసియం సోడియం నయోబేటుతో సీసపు పింగాణికి సాటిరాగల దానిని చేసినది. అమెరికాలో బేరియం టైటనేటును అతిపలుచని పొరగా వేరొక స్ఫటికముపై పెంచిరి. అడుగున అణువుల ఎడము ఇరుకగుటచే పొర ప్రక్కలకు కుదించుకొని నిలువునకు సాగెను. గుణము నశించు హద్దు దాదాపు 500 డిగ్రీలు పైకి జరిగెను. అయితే అడుగునకు అతుకుకొనిన పొర స్వేచ్ఛగా కదలలేదు. జ్ఞాపకచిప్పులకది పనికివచ్చునే గాని లైటరు బిళ్ళకు బదులు కానేరదు.

ఐరోపాలో ఈ మినహాయింపునకు గడువున్నది. గడువు సమీపించినపుడెల్ల తయారీదారులు మరల కోరి కారణము చూపవలెను. మన పట్టికకును అట్టి విచారణ బహిరంగముగ జరుగవలెనని ఈ సభ తీర్మానించి పంపగోరుచున్నాను.