గడ్డకట్టిన చెరువు మీద గాలం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాతో ఒకే బల్ల మీద ఐదేళ్లు కూర్చుని, నా ఇంకు సగం వాడేసిన మిత్రుడు మూడో వరసలో ఉన్నాడు. ఇప్పుడు చెప్పబోయే సంగతి వాడిది కూడా. వాడిని అడిగి, వాడు సరేనన్నాకే చెబుతున్నాను.

కమిటీ వాళ్లు "అమెరికా అనుభవాల మీద పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. నా ఉద్యోగం గురించి చెబితే మీకు నిద్ర వస్తుంది. చేస్తున్నప్పుడు నాకూ వచ్చేది. అందుకని చేపలు పట్టడం గురించి చెబుతాను.

మనలో చాలామందికి గాలం కొత్త కాదు. బడి ఎగ్గొట్టి కాలువ గట్టున వానపాము గుచ్చి, బెండు మునుగుతుందేమోనని చూస్తూ కూర్చున్నవాళ్లు ఈ హాల్లో కనీసం ఇరవై మంది ఉంటారు. పేర్లు చెప్పను, మాస్టార్లు ఉన్నారు. నేను ఉండేది డెన్వర్‌లో. కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల పక్కన, సముద్ర మట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉన్న ఊరు. అక్కడినుంచి ఇంకా పైకి వెళితే కొండల మధ్య పెద్ద పెద్ద రిజర్వాయర్లు ఉంటాయి. డిల్లన్ రిజర్వాయరు దాదాపు 9,000 అడుగుల ఎత్తున ఉంది. 1963లో కట్టిన ఆనకట్ట. దాని కోసం డిల్లన్ అనే ఊరినే పక్కకు జరిపారు. ఆ నీళ్లు కొండ కింద 23 మైళ్ల సొరంగం గుండా డెన్వర్ వైపుకు వస్తాయి. ఇంకొకటి ఎలెవెన్ మైల్ రిజర్వాయరు. సౌత్ ప్లాట్ నది మీద 1932లో కట్టారు. ఎత్తు 8,600 అడుగులు. డిసెంబరు, జనవరి నెలల్లో ఇవి పైన గడ్డకట్టిపోతాయి. ఆ గడ్డ మీద నడుచుకుంటూ వెళ్లి, బెజ్జం చేసి, అందులోంచి గాలం వేసి ట్రౌట్ చేపలు పట్టడం అక్కడివాళ్లకు పండగ లాంటిది. పన్నెండేళ్లుగా మాకూ అంతే.

మేము నలుగురం. నేను, మూడో వరసలో ఉన్న మా వాడు, నిజామాబాదు నుంచి వచ్చిన ఒక తమ్ముడు, మిన్నెసోటాలో పుట్టి పెరిగిన డెబ్బై ఏళ్ల పెద్దాయన. ఆ పెద్దాయనే మాకు గురువు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరతాం. ఎలెవెన్ మైల్‌కు రెండున్నర గంటల దారి. చేరేసరికి సున్నాకు పదిహేను డిగ్రీలు తక్కువ ఉంటుంది. చలి కంటే ఆ మైదానంలో వీచే గాలే ఎక్కువ బాధ.

మా సరంజామా చెబితే మీకు నవ్వొస్తుంది. మొదటిది గునపం. మనం కొబ్బరికాయ ఒలిచే గునపమే అనుకోండి. రెండోది బర్మా. వడ్రంగి బర్మాకి పెద్దన్న, ఆగర్ అంటారు. దానితో ఎనిమిది అంగుళాల బెజ్జం వేస్తాం. మూడోది చిల్లుల గరిటె. బెజ్జంలో మళ్లీ మళ్లీ పేరుకునే ఐసు ముక్కల్ని బూరెలు తీసినట్టు తీస్తూ ఉండాలి. తర్వాత రెండడుగుల పొట్టి గాలపు కర్రలు, బియ్యపు గింజంత కొక్కేలు, వాటికి గుచ్చడానికి చిన్న పురుగులు. వీటన్నిటినీ చక్రాలు లేని బండి మీద పెట్టి తాడుతో లాక్కుంటూ వెళతాం. ఆ బండి మీదే ఒక మూల పులిహోర, ఆవకాయ సీసా, టీ ఫ్లాస్కు ఉంటాయి.

ఉదయం పూట ట్రౌట్ చేపలు ఒడ్డుకు దగ్గరగా, ఐదు నుంచి పదిహేను అడుగుల లోతులో తిరుగుతాయి. కొక్కేన్ని కొంచెం పైకి లాగి, వదిలి, కదలకుండా ఉంచాలి. చేప అది ఆగినప్పుడే నోట పెడుతుంది. కొనలో చిన్న వణుకు, అంతే. చలికి దానికీ బద్ధకమే. రెయిన్‌బో, బ్రౌన్, కట్‌త్రోట్ అని మూడు రకాలు దొరుకుతాయి. కట్‌త్రోట్ ఆ కొండలదే. బ్రౌన్ ఐరోపా నుంచి తెచ్చింది. మన నీలగిరుల్లోకీ, కాశ్మీరులోకీ బ్రిటిష్‌వాళ్లు ట్రౌట్‌ను తెచ్చారు. లైసెన్సు తీసుకోవాలి. మామూలుగా మనిషికి రోజుకు నాలుగు ట్రౌట్లే పట్టుకోవాలి. పొలుసు చాలా సన్నం, గీకే పని ఉండదు. పసుపు, ఉప్పు, కారం పట్టించి పెనం మీద వేయిస్తే చాలు. పులుసుకు మాత్రం మన కొర్రమీనే కొర్రమీను.

మరి పైన అంత గడ్డ కడితే కింద చేప ఎలా బతుకుతుంది? దీనికి జవాబు నాకు ఈ బళ్లోనే దొరికింది. 1981లో మేము పదో తరగతి. మన సైన్సు మాస్టారు ఒకరోజు ఐసు ఫ్యాక్టరీ నుంచి గోనెసంచిలో రంపపు పొట్టు వేసి ఒక ఐసు దిమ్మ సైకిలు మీద తెచ్చారు. ఒక ముక్క గ్లాసు నీళ్లలో వేసి, "ఇది ఎందుకు తేలుతోంది?" అని అడిగారు. ఎవరూ చెప్పలేదు. అప్పుడు చెప్పారు. దాదాపు అన్నీ చల్లబడేకొద్దీ దగ్గరపడతాయి. నీరు మాత్రం నాలుగు డిగ్రీల దాకా దగ్గరపడి, ఆ తర్వాత విచ్చుకోవడం మొదలుపెడుతుంది. గడ్డకట్టేటప్పుడు దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే గడ్డ పైన తేలుతుంది, నాలుగు డిగ్రీల బరువైన నీరు అడుగున ఉంటుంది. పైన గడ్డ దుప్పటిలా కప్పుకుంటుంది, కింద చేప బతుకుతుంది. గడ్డకట్టిన చెరువును ఆయన ఏనాడూ చూసి ఉండరు. మొదటిసారి బెజ్జంలోంచి చేప పైకి వచ్చినప్పుడు నాకు ఆ గోనెసంచి గుర్తొచ్చింది.

అదే మాస్టారు మమ్మల్ని ఒకసారి గట్టిగా కోప్పడ్డారు. ప్రాక్టికల్ రికార్డులో మేమిద్దరం పై బ్యాచ్ అన్నయ్య రికార్డు చూసి రీడింగులు ఎక్కించేశాం. మాస్టారు రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి, "ఇవి వాడు చూసిన రోజు రీడింగులురా. మీరు చూసిన రోజువి ఏవి?" అన్నారు. గోడ కుర్చీ వేయించారు. ఆ రోజు కాళ్ల నొప్పి మాత్రమే గుర్తుపెట్టుకున్నాం. మాట గుర్తుపెట్టుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఐసు మీద నడవడానికి ఒక లెక్క ఉంది. కొత్తగా కట్టిన స్వచ్ఛమైన, నల్లగా కనిపించే గడ్డ కనీసం నాలుగు అంగుళాల మందం ఉంటేనే మనిషి నడవాలి. మంచు కలిసి తెల్లగా కట్టిన గడ్డకు బలం సగమే, కాబట్టి దానికి రెట్టింపు మందం కావాలి. పైగా రిజర్వాయరు మామూలు చెరువు కాదు. ఆనకట్ట నుంచి నీళ్లు వదులుతుంటారు. నీటిమట్టం దిగితే ఒడ్డు దగ్గర గడ్డ కింద ఆధారం పోతుంది, పగుళ్లు పడతాయి. వాగు వచ్చి కలిసే చోట ప్రవాహం అడుగు నుంచి గడ్డను తినేస్తుంది. మీద మంచు కురిస్తే అది కంబళిలా కప్పి, గడ్డ మందం పెరగనివ్వదు. ఒకే చెరువులో ఇక్కడ ఎనిమిది అంగుళాలు ఉండి, ముప్ఫై అడుగుల అవతల రెండే ఉండొచ్చు. అందుకే ముందు నడిచేవాడి చేతిలో గునపం ఉంటుంది. ప్రతి అడుగుకూ ముందు ఒక పోటు. ఖంగుమంటే అడుగు వేయాలి. గునపం దిగిపోతే వెనక్కి రావాలి.

ఆరేళ్ల కిందట డిసెంబరులో ఒక ఉదయం. ఆ రిజర్వాయరు పేరు చెప్పను, తప్పు దానిది కాదు. గునపం నా చేతిలో ఉంది. ముందురోజు ఎవరో నడిచిన అడుగులు, బండి లాగిన చార లోపలికి వెళుతున్నాయి. రాత్రి పలచగా మంచు పడింది. దారి ఉంది కదా అని నేను అడుగడుగుకూ పొడవడం మానేసి, ఐదారు అడుగులకోసారి పొడుస్తున్నాను. ఒకచోట చప్పుడు మారింది. బోలు కుండను కొట్టినట్టు వచ్చింది. గునపం పైకి తీస్తే కొన తడిగా ఉంది.

అక్కడ ఆగి "వెనక్కి పదండి" అనాలి. నేను అనలేదు. మూడు గంటలకే లేచి వచ్చాం, అందరూ ఉత్సాహంగా ఉన్నారు, ఎవరో నడిచిన అడుగులు ఎదురుగా ఉన్నాయి, నా మాట విని వెనక్కి వెళితే పిరికివాడంటారేమో. ఇవన్నీ ఒక్క క్షణంలో బుర్రలో తిరిగాయి. నేను కొంచెం ఎడమకు జరిగి ముందుకు పోయాను. పది అడుగుల వెనక మావాడు, నాకంటే బరువైనవాడు, సామాను బండి లాగుతూ ఆ పాత అడుగుల మీదే వచ్చాడు. చప్పుడు పెద్దగా కాలేదు. తిరిగి చూసేసరికి ఛాతీ దాకా నీళ్లలో ఉన్నాడు.

నేను వాడి వైపు పరిగెత్తబోయాను. పెద్దాయన అరిచారు: "కదలొద్దు, పడుకో!" బోర్లా పడుకున్నాను. ఆయన మావాడితో "ముందు ఊపిరి, ఊపిరి చూసుకో" అంటూనే ఉన్నారు. మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసరు చెప్పిన లెక్క ఒకటి ఉంది, ఒకటి-పది-ఒకటి. చన్నీళ్లలో పడ్డాక మొదటి ఒక్క నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి. తర్వాత సుమారు పది నిమిషాలు చేతులూ కాళ్లూ మాట వింటాయి. స్పృహ తప్పడానికి దాదాపు ఒక గంట పడుతుంది. అంటే చాలామంది అనుకున్నట్టు వెంటనే ప్రాణం పోదు. కంగారు పడితే మాత్రం మొదటి నిమిషమే తీసుకుపోతుంది.

మా అందరి మెడల్లో రెండేసి చెక్క పిడులు వేలాడుతుంటాయి, వాటి కొనలకు మేకులు ఉంటాయి. మావాడు తను వచ్చిన వైపుకే తిరిగాడు. అటువైపు గడ్డ తనను అప్పటిదాకా మోసిందే కదా. మేకులు గుచ్చి, ఈత కొట్టినట్టు కాళ్లు ఆడించి, పొట్ట మీద పైకి పాకాడు. లేచి నిలబడకుండా దొర్లాడు. తమ్ముడు తాడు విసిరాడు. కారులో తడి బట్టలు విప్పి, దుప్పట్లు చుట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లాం. సాయంత్రానికి టీ తాగుతూ "ఒరేయ్, నా ఆవకాయ సీసా పోయింది" అన్నాడు.

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. "ఐసు మోసం చేసింది" అని అందరికీ చెప్పాను. తడి కొన సంగతి ఎవరికీ చెప్పలేదు. వాళ్లావిడకు చెప్పలేదు, మా ఆవిడకూ చెప్పలేదు. ఐదేళ్లు గడిచాయి.

పోయిన జనవరిలో ఎలెవెన్ మైల్ మీద మేమిద్దరమే ఒక బెజ్జం దగ్గర కూర్చున్నప్పుడు చెప్పేశాను. వాడు గాలం వైపు చూస్తూనే అన్నాడు: "నాకు తెలుసురా. నీ గునపం కొన తడిగా ఉండటం నేనూ చూశాను. నువ్వేం అనలేదు కదా, ఫర్వాలేదేమో అనుకున్నాను."

నాకు నోట మాట రాలేదు. గోడ కుర్చీ వేసిన ఇద్దరమూ నలభై ఏళ్ల తర్వాత మళ్లీ అదే తప్పు చేశాం. నేను ఎవడో ముందురోజు నడిచిన అడుగుల్ని కాపీ కొట్టాను. వాడు నా మౌనాన్ని కాపీ కొట్టాడు. గునపం చూపించిన రీడింగు ఇద్దరి కళ్లముందూ ఉంది. ఇద్దరమూ దాన్ని రాసుకోలేదు.

ఆ రోజు నుంచి మా నలుగురికీ ఒక నియమం. ఎవరైనా "వెనక్కి" అంటే అంతే, అందరం వెనక్కి. ఎందుకని కారు దగ్గరికి వచ్చేదాకా ఎవరూ అడగకూడదు, ఎగతాళి చేయకూడదు. పోయిన చలికాలం రెండుసార్లు అలా వచ్చేశాం. ఒకసారి అన్నది నిజామాబాదు తమ్ముడు, కారణం ఉత్త అనుమానమే. కారులో హీటరు వేసుకుని పులిహోర తిని ఇంటికొచ్చాం. చేపల్లేవు. మావాడు ఇవాళ ఇక్కడ ఉన్నాడు.

మన మాస్టారు ఇప్పుడు లేరు. ఆయనకు చెప్పాల్సింది మీ అందరికీ చెప్పాను. కమిటీ వారికి ఒక చిన్న విన్నపం. స్వర్ణోత్సవ నిధిలో మేమిద్దరం ఇచ్చే భాగాన్ని సైన్సు ల్యాబుకు వాడండి. గోడ మీద మా పేర్లు వద్దు. ప్రతి ఇద్దరు పిల్లలకూ ఒక థర్మామీటరు, ఒక బీకరు, ఒక త్రాసు ఉండేలా చూడండి. పై బ్యాచ్ రికార్డు చూసి రాయాల్సిన అవసరం ఏ పిల్లవాడికీ రాకూడదు. ఏడాదికోసారి ఒక ఐసు దిమ్మ కూడా తెప్పించండి. గోనెసంచి ఖర్చు నాది.

మీలో ఎవరైనా చలికాలంలో డెన్వర్ వస్తే తీసుకెళతాను. బూట్లు, కోటు, గాలం నేనిస్తాను. గునపం మాత్రం మీరూ పట్టుకోవాలి. నా అడుగుల్లో నడుస్తానంటే ఒప్పుకోను.