మీదే ఊరండీ?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



పరాయి దేశంలో ఏం చేస్తున్నావో చెప్పమన్నారు. వంతెనల లెక్కలు చెబితే అప్పట్లో క్లాసులో నిద్రపోయినట్టే నిద్రపోతారు. అందుకని టొరంటోలో నా శనివారాల గురించి చెబుతాను.

స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు అయినందుకు సొంత దేశంలో బతకలేక కెనడా చేరేవాళ్లున్నారు. ఉగాండాలో 2023 నాటి చట్టం ప్రకారం స్వలింగ సంబంధానికి యావజ్జీవ శిక్ష పడవచ్చు. ఇలాంటివారూ శరణు కోరవచ్చని కెనడా సుప్రీంకోర్టు 1993లో వార్డ్ కేసు తీర్పులో దారి చూపింది. చర్చ్ స్ట్రీట్‌లోని 'ది 519' వంటి కేంద్రాలు వారికి తోడుంటాయి. నాలాంటి వాలంటీర్లు చేసేది చిన్న పనులే. అద్దెకు గది వెతకడం, లాయరు దగ్గరికి తీసుకెళ్లడం, విచారణ రోజున బయట కూర్చోవడం.

అసలు కష్టం రుజువు. ప్రాణభయంతో ఉత్తరాలు చించేసి, ఫోటోలు చెరిపేసి, ఇన్నేళ్లూ దాచుకున్నదాన్ని ఇప్పుడు అధికారి ముందు నిజమని నిరూపించాలి. దుబాసీ సొంత ప్రాంతంవాడైతే మరీ భయం, మాట ఇంటికి చేరుతుందని.

ఆ భయం నాకు అర్థమైంది చదువుకు వచ్చిన ఒక తెలుగు కుర్రాడి వల్ల. ఇంట్లో పెళ్లి ఒత్తిడి. నన్ను చూడగానే "మీదే ఊరండీ?" అన్నాడు. మనం ఆప్యాయంగా అడిగే ప్రశ్న అది. అతను భయంతో అడిగాడు. నేను జిల్లా పేరు చెప్పాక ఇక నోరు విప్పలేదు. నా బదులు ఒక పంజాబీ ఆవిడ కూర్చుంటే, వచ్చీరాని ఇంగ్లీషులో అంతా చెప్పుకున్నాడు.

ఆ రాత్రి తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు గుర్తొచ్చాడు. వాడి నడకను అనుకరించి క్లాసంతటినీ నవ్వించింది నేనే. దసరా సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. ఈ ఉత్సవాలకు దాదాపు అందరి చిరునామాలూ దొరికాయి. వాడిది దొరకలేదు.

ఇలాంటి ప్రేమ నేరం కాదని 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు చెప్పింది. వెక్కిరింతను ఆపాల్సింది మాత్రం మనమే. గురువులకు నా మనవి: క్లాసు అలా నవ్వితే ఆ క్షణమే ఆపండి. మిత్రులకు: ఎవరైనా మనసు విప్పి చెప్పుకుంటే ఆ మాటను మీ దగ్గరే ఉంచండి.

వాడెక్కడున్నాడో మీలో ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పక్కర్లేదు. నేను క్షమించమన్నానని వాడికి చెప్పండి, చాలు.

సెలవు.