గొలుసు ఎవరి చేతిలో ఉంది?



“మా కుక్క ఏమీ అనదండీ!” గేటు దగ్గర తరచుగా వినే మాట ఇది. అదే కుక్క పాలబ్బాయిని కరిచిన రోజున, “ఎప్పుడూ ఇలా చేయలేదు” అంటారు. మరి అది పిల్లగా ఉన్నప్పుడు మీదికి దూకితే నవ్వి ముద్దు చేసినది ఎవరు? ఒకరోజు కొట్టి, మరొకరోజు అదే పనికి బిస్కెట్టు పెట్టినది ఎవరు?

నిర్గమకాండము 21:28, 29 చదవండి. ఎద్దు మొదటిసారి పొడిచి చంపితే యజమానుడు నిర్దోషి. దానికి పొడిచే అలవాటున్నదని తెలిపినా అతడు కట్టివేయకపోతే, అతడును దోషియే. 2023 నాటి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కూడ జంతువు విషయములో అజాగ్రత్తగా ఉన్నవారికి 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునంటుంది.

ఏలీ తన కుమారుల దోషమెరిగియు వారిని అడ్డగించలేదు (1 సమూయేలు 3:13). దేవుడు కుమారులతోపాటు తండ్రినీ లెక్క అడిగాడు.

ప్రియులారా, సామెతలు 28:13 ప్రకారము ఒప్పుకొంటే చాలదు, విడిచిపెట్టాలి. “నేర్పనిది నేనే” అని పొరుగువాని ఎదుట చెప్పండి. అతని గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగించి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి టీకా వేయించండి. ఈరోజే గొలుసు పట్టుకొని ఓర్పుతో నేర్పనారంభించండి.

అట్టి యథార్థ హృదయమును ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.