కరెంటు లెక్క అడుగుదాం



బిల్లు చూసి విసుక్కుంటాం గాని, ఆ ధర ఏ లెక్కన వచ్చిందో అడగం. అడిగే హక్కు మనకుంది.

1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు కాలంలో బోర్డు, ప్రభుత్వం కలిసి ఛార్జీలు నిర్ణయించేవి. 1998 సంస్కరణల చట్టంతో మరుసటి ఏడు నియంత్రణ మండలి వచ్చింది. 2000లో ఛార్జీల పెంపుపై ఆందోళన, ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు మనమెవరం మరువలేదు.

2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం పంపిణీ సంస్థ తన ధరల ప్రతిపాదనను ప్రకటించాలి. ప్రజల అభ్యంతరాలు పరిశీలించాకే మండలి 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. బహిరంగ విచారణలో మనమూ మాట్లాడవచ్చు. ప్రభుత్వ కంపెనీలు కనుక కాగ్ ఆడిట్ కూడా ఉంటుంది. ఆ నివేదిక శాసనసభ ముందుకు వస్తుంది.

ఏమడగాలి? కొన్న యూనిట్లెన్ని, బిల్లు వేసినవెన్ని, దారిలో పోయినవెన్ని? వ్యవసాయ పంపుసెట్లలో అధిక భాగానికి మీటర్లు లేవు కనుక వాటి వాడకం అంచనాయే. ఆ అంచనా ఎక్కువ వేస్తే నష్టం, చౌర్యం తక్కువగా కనిపిస్తాయి. ప్రభుత్వ శాఖల బకాయిలెంత? ఆ భారం ఎవరి మీద పడుతున్నది?

నేను ఉద్యోగమంతా లెడ్జర్లతోనే గడిపాను. మీలో చాలామందిదీ అదే అనుభవం. లెక్క తప్పితే మన కంటికి ఆగుతుంది. ఈసారి పేపర్లో నోటీసు పడగానే సంఘం తరఫున అభ్యంతరం రాద్దాం. చిత్తుప్రతి నేను రాస్తాను, అంకెలు మీరు సరిచూడండి. విచారణకు కలిసి వెళదాం.

సెలవు.