సువార్త అనే మాట

(కొండాపూర్‌లో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్రైస్తవ గ్రంథంలోని "సువార్త" అనే మాటకు అర్థం చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలలో ముప్పై ఏళ్లు ఒకే క్యాంటీన్‌లో అన్నం తిన్నవాళ్లం. ఒకరి పండుగకు ఒకరం మిఠాయిలు పంచుకున్నాం గాని, ఒకరి గ్రంథంలోని మాటను ఒకరం అడిగి తెలుసుకున్నది తక్కువే. పైగా ఈ మాట వినగానే చాలామందికి గోడమీద రాతలు, మైకులు, కరపత్రాలు గుర్తొస్తాయి. ఎవరో మనల్ని మార్చడానికి వచ్చారన్న అనుమానం కలుగుతుంది. అందుచేత మాట పుట్టుక దగ్గరి నుంచే మొదలుపెడతాను.

"సు" అంటే మంచి. "వార్త" సంగతి మీకు తెలిసిందే. కేథలిక్ మిత్రులు దీన్నే "సువిశేషము" అంటారు. మూలం గ్రీకు భాషలోని "యువాంగెలియన్". దాని అర్థమూ మంచి కబురే. ఇంగ్లీషు "గాస్పెల్"లో గాడ్ ఉన్నాడని కొందరనుకుంటారు. అది నిజం కాదు, పాత ఇంగ్లీషులో అది మంచి మాట అని మాత్రమే. మన ముస్లిం సోదరులు చెప్పే "ఇంజీల్" కూడా ఈ గ్రీకు మాట నుంచే వచ్చిందని పండితులు చెబుతారు. ఇంకా వెనక్కి పోతే, గ్రీకు మహాకవి హోమర్ కావ్యంలో ఈ మాటకు అర్థం వార్త కాదు, మంచి కబురు తెచ్చినవాడికి ఇచ్చే బహుమానం. "నీ నోట్లో చక్కెర పొయ్య" అని మనవాళ్లు అంటారే, ఆ చక్కెరన్న మాట.

ఇక ఈ ఊరి సంగతికి వస్తాను. మన కోటగడ్డ మీద 1940 దశకం మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖవారు తవ్వకాలు జరిపారు. శాతవాహనుల కాలపు ఇటుక కట్టడాలు, మట్టిబొమ్మలు, పూసలు, వేల సంఖ్యలో నాణేలు దొరికాయి. వాటిలో రోము చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం ఒకటి. ఇక్కడి మ్యూజియం ముందు నుంచి మనం ఎన్నిసార్లు బస్సులో పోలేదు! లోపలికి వెళ్లినవాళ్లు ఎందరో చేతులెత్తమంటే కొంచెం ఇబ్బందే.

ఆ అగస్టస్‌కూ ఈ మాటకూ సంబంధం ఉంది. నేటి టర్కీలో ప్రియేన్ అనే పాత పట్టణం ఉంది. అక్కడ క్రీ.పూ. 9 నాటి శాసనం ఒకటి దొరికింది. అగస్టస్ పుట్టినరోజైన సెప్టెంబరు 23నే ఇకమీదట ఏడాదికి మొదటిరోజుగా లెక్కించాలని ఆ రాష్ట్రంవారు చేసిన తీర్మానం అది. ఆయన పుట్టుకతోనే లోకానికి శుభవార్తలు మొదలయ్యాయని అందులో చెక్కించారు. వాడిన మాట ఇదే, కాకపోతే బహువచనం. అంటే ఆ రోజుల్లో సువార్త అనేది సర్కారు మాట. యుద్ధంలో గెలుపు, కొత్త చక్రవర్తి పట్టాభిషేకం వంటివాటికి వాడేది.

ఇప్పుడు లూకా గ్రంథం రెండో అధ్యాయం తీసి చూడండి. మొదటి వాక్యంలోనే అగస్టస్ పేరుంది, జనాభా లెక్కలకు ఆయన ఇచ్చిన ఆజ్ఞ ఉంది. పది వాక్యాలు తిరగకముందే దేవదూత వచ్చి ఈ మాట పలుకుతాడు. ఎవరితో? గవర్నరుతో కాదు, గుడి పూజారులతోనూ కాదు. పొలంలో రాత్రిపూట మందను కాస్తున్న గొర్రెల కాపరులతో. మన భాషలో, నైట్ షిఫ్టులో ఉన్నవాళ్లతో. లూకా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టింది ఊరికే కాదని నా నమ్మకం. సర్కారు వాడుకుంటున్న మాటను తీసుకొచ్చి, జనాభా లెక్కలో ఒక అంకెగా తప్ప సర్కారుకు పట్టనివాళ్ల చేతిలో పెట్టాడు.

అదే గ్రంథంలో నాలుగో అధ్యాయం చాలామంది సగమే చదువుతారు. యేసు తన సొంత ఊరు నజరేతులో ప్రార్థనామందిరానికి వెళ్లి యెషయా ప్రవక్త గ్రంథం విప్పి చదివాడు. బీదలకు శుభవార్త, చెరలో ఉన్నవారికి విడుదల అన్న భాగం అది. ఊరివాళ్లు మెచ్చుకున్నారు. తరువాత ఆయన రెండు పాత సంగతులు గుర్తుచేశాడు. కరువు కాలంలో ప్రవక్త ఏలీయాను దేవుడు పంపింది తమ జాతి వితంతువుల దగ్గరికి కాదు, సీదోను ప్రాంతపు పరాయి స్త్రీ దగ్గరికి. ఎలీషా కాలంలో కుష్ఠు నయమైంది సిరియా దేశపు సేనాపతికి. అంతే, మెచ్చుకున్నవాళ్లే లేచి ఆయన్ను ఊరి బయటికి గెంటి, కొండ అంచు నుంచి తోసెయ్యబోయారు. కబురు మంచిదే, కాని పక్కవాడిక్కూడా మంచిదని తెలిసేసరికి కోపం వచ్చింది. సువార్తను తమ సొత్తుగా భావించే మా క్రైస్తవులం ఈ రెండో సగాన్ని గట్టిగా చదవాలి.

సువార్త అంటే ఉపదేశం అనుకోవడం ఇంకో పొరపాటు. ఉపదేశం "ఇలా చెయ్యి" అంటుంది. వార్త "ఇలా జరిగింది" అంటుంది. మన డి.ఏ. బకాయిలు మంజూరయ్యాయని ఎవరైనా వచ్చి చెబితే అది వార్త. డబ్బు పొదుపుగా వాడుకోండి అంటే ఉపదేశం. రెండోది మన పిల్లలు రోజూ చెబుతూనే ఉన్నారు.

మన జిల్లాల్లో ఈ మాట ఎట్లా వినిపించిందంటే మెదక్ చర్చి గుర్తొస్తుంది. పాస్నెట్ దొరగారి ఆధ్వర్యంలో కట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని ఆ కట్టడం సాగించారని చెబుతారు. రాయి మోసిన ఆ తల్లులకు చెవిన పడిన మొదటి మంచి కబురు, రేపు కూడా పని ఉందన్నదే అయివుంటుంది. దాన్ని చిన్నచూపు చూడడం నాకిష్టం లేదు.

ఎందుకంటే పౌలు కూడా చూడలేదు. పౌలు లేఖలు మత్తయి, మార్కు, లూకా, యోహాను గ్రంథాలకంటే ముందు రాసినవి. అప్పటికి సువార్త అనేది పుస్తకం పేరు కాదు, నోటిమాటే. థెస్సలొనీకవాళ్లు కష్టాల్లో ఉన్నారని తెలిసి, ఆగలేక, వాళ్లెట్లా ఉన్నారో చూసి రమ్మని తిమోతిని పంపాడు. తిమోతి తిరిగి వచ్చి, వాళ్ల విశ్వాసం, ప్రేమ చెక్కుచెదరలేదని, మిమ్మల్ని చూడాలని తహతహలాడుతున్నారని చెప్పాడు. దాన్ని చెప్పడానికి పౌలు గ్రీకులో వాడిన క్రియాపదం, మరెక్కడా కాదు, ఈ మాట నుంచి వచ్చినదే. తెలుగు అనువాదంలో అక్కడ సువార్త అన్న పదం కనబడదు గనుక చదివేవారికి తెలియదు. అమెరికా నుంచి ఆదివారం పిల్లల ఫోను వచ్చాక మనవాళ్లు పక్కింటికి వెళ్లి చెప్పే సంగతి ఉంది చూశారా, అదన్న మాట.

 ప్రశ్నలుంటే టీ దగ్గర మాట్లాడుకుందాం.